టీ గులాబీకి నాలుగు మూరల చోటు

పూలబండి దగ్గర మల్లెదండ కొనేటప్పుడు మూరలో అంగుళం తగ్గినా ఊరుకోం. "అదేం మూరమ్మా, నీ చెయ్యి అంత పొట్టిదా?" అని మళ్లీ కొలిపించుకుంటాం. గులాబీ మొక్కలు నాటే రోజున మాత్రం ఆ మూర మనకి గుర్తుకు రాదు. నర్సరీ నుంచి ఆరు మొక్కలు ఆటోలో వేసుకొస్తాం. గోడ వారన ఉన్న కాస్త జాగాలో ఆరింటినీ సర్దేస్తాం. మొదటి ఏడు బాగానే పూస్తాయి. రెండో వానాకాలానికి ఆకులన్నీ నల్లమచ్చలు పడి రాలిపోతాయి. "మా ఇంటికి గులాబీ అచ్చిరాదండీ" అని తేల్చేస్తాం!

అచ్చిరాకపోవడానికి కారణం చాలాసార్లు మొక్క కాదు, మన చెయ్యీ కాదు. మొక్కకీ మొక్కకీ మధ్య చాలినంత ఎడం లేకపోవడమే. ఈ సంగతి అన్ని గులాబీలకీ వర్తిస్తుంది కానీ, ఒక్క జాతికి మాత్రం ప్రాణంతో సమానం. అదే పాతకాలపు టీ గులాబీ.

టీ వేరు, హైబ్రిడ్ టీ వేరు

నర్సరీకి వెళ్లి "టీ రోజ్ ఉందా?" అని అడిగితే సాధారణంగా మన చేతిలో పెట్టేది హైబ్రిడ్ టీ. పొడుగాటి కాడ, కాడ చివర నిటారుగా ఒకే ఒక్క పెద్ద పువ్వు... పూలగుత్తుల్లో మనం చూసేది ఆ తరహా పువ్వునే. ఈ వర్గానికి మొట్టమొదటిదిగా చెప్పే 'లా ఫ్రాన్స్' ఫ్రాన్స్‌లో 1867లో వచ్చింది. అంతకు ముందు నుంచీ ఉన్నవి టీ గులాబీలు. హైబ్రిడ్ టీలకి ఇవి అమ్మ వరసవన్న మాట.

టీ గులాబీ పొద నిటారుగా కాక, నాలుగు వైపులా గుబురుగా సాగుతుంది. లేత చిగుళ్లు ఎర్రగా, ఒక్కోసారి వంగపండు రంగులో ఉంటాయి. ఆకు నున్నగా, కొస తేలి ఉంటుంది. పూకాడ సన్నం కావడంతో విచ్చుకున్న పువ్వు కాస్త తల వంచుకుంటుంది. గులాబీ, లేత పసుపు, మీగడ రంగు, రాగి ఛాయ... ఒకే పువ్వులో రెండు మూడు రంగులు కలగలిసి కనిపిస్తాయి. పరిమళం గాఢంగా కాకుండా సన్నగా వస్తుంది. అప్పుడే విప్పిన టీ ఆకు పొట్లం వాసనలా ఉంటుందనీ, అందుకే ఆ పేరు వచ్చిందనీ చెబుతారు.

అన్నిటికన్నా మనకి నచ్చే గుణం ఇంకొకటి ఉంది. ఇది వేడి దేశపు మొక్క. యూరప్‌లో మంచుకి తట్టుకోలేక అద్దాల గదుల్లో దాక్కున్న ఈ గులాబీ, చలి ముదరని చోట ఏడాది పొడుగునా విడతలు విడతలుగా పూస్తుంది.

మణిపూర్ కొండల బంధువు

టీ గులాబీల పుట్టుకకి మూలమైన రెండు జాతుల్లో ఒకటి చైనా గులాబీ. రెండోది 'రోజా జైజాంటియా' అనే అడవి గులాబీ. పేరుకి తగ్గట్టే చెట్ల మీదుగా నలభై అడుగుల పైకి కూడా పాకిపోయే మహాతీగ. మన మణిపూర్‌లోనూ, మయన్మార్, నైరుతి చైనా కొండల్లోనూ పెరుగుతుంది. సర్ జార్జ్ వాట్ దీన్ని మణిపూర్‌లో 1882లో చూశాడు. ఈ రెండు జాతుల కలయికతో చైనా తోటల్లో ఎప్పుడో తయారైన గులాబీలు 19వ శతాబ్దం మొదట్లో ఓడలెక్కాయి. లేత గులాబీ రంగు 'హ్యూమ్స్ బ్లష్' 1809లో కాంటన్ నుంచి ఇంగ్లండు చేరింది. పసుపు రంగు 'పార్క్స్ యెల్లో' 1824లో చేరింది. ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ యుద్ధం నడుస్తున్న రోజుల్లోనే, హ్యూమ్స్ బ్లష్ మొక్కని నెపోలియన్ భార్య జోసెఫీన్ తోటకి చేర్చేందుకు ఓడకి దారి ఇచ్చారని ఒక కథ ఉంది.

ఆ తర్వాత వచ్చినవాటిలో 'సఫ్రానో' (1839), 'డచెస్ ద బ్రబాంట్' (1857), 'మేడమ్ లాంబార్డ్' (1878), 'లేడీ హిల్లింగ్డన్' (1910) పేరు పడ్డాయి. 'మిసెస్ బి. ఆర్. కాంట్', 'మిసెస్ డడ్లీ క్రాస్' అని కూడా ఉన్నాయి. ఈ జాబితా చదివితే ఒకటి తోస్తుంది చూడండి. పువ్వుల నిండా ఆడవాళ్ల పేర్లే. కానీ అందులో చాలావాటిలో ఉన్నది మొగుడి పేరే! ఆవిడ సొంత పేరేమిటో పువ్వుకి తెలియదు.

మన వైపు నుంచీ ఈ కథలో ఒక అధ్యాయం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఐ.ఏ.ఎస్. అధికారిగా పని చేసి, ముందుగానే ఉద్యోగం వదులుకుని కొడైకెనాల్‌లో స్థిరపడిన వీరు వీరరాఘవన్ గారు, భార్య గిరిజ గారితో కలిసి మణిపూర్ అడవి గులాబీతో సంకరాలు చేశారు. వేడి దేశాలకి తగిన గులాబీలు తయారు చెయ్యాలన్నది వారి పట్టుదల. అలా వచ్చిన ఒక గులాబీకి 'సర్ జార్జ్ వాట్' అనే పేరు పెట్టారు.

ఎంత ఎడం? ఎందుకంత?

ఇక అసలు లెక్కకి వద్దాం. హైబ్రిడ్ టీకి రెండు, రెండున్నర అడుగుల ఎడం చాలు. ఏటా కత్తిరిస్తాం కాబట్టి ఆ హద్దులోనే ఉంటుంది. టీ గులాబీకి అలా కుదరదు. అది ఎంత ఎత్తు పెరుగుతుందో దాదాపు అంత వెడల్పూ పరుచుకుంటుంది. నాలుగైదేళ్లకి ఐదడుగుల పొద అవుతుంది. చిన్న రకాలకి మూడు మూరలు, అంటే నాలుగున్నర అడుగులు. పెద్ద రకాలకి నాలుగు మూరలు, అంటే ఆరడుగులు వదలాలి.

"అమ్మో, అంత చోటే!" అనిపిస్తుంది నిజమే. కానీ అందులో వృథా ఏమీ లేదు. మొదటి కారణం గాలి. గులాబీ ఆకు మీద తడి ఏడు గంటలకు మించి నిలిస్తే నల్లమచ్చ తెగులు బూజు మొలకెత్తి ఆకులోకి చొరబడుతుంది. పొదల మధ్య గాలి ఆడితే రాత్రి పడ్డ వానా, మంచూ పొద్దెక్కేసరికి ఆరిపోతాయి. ఇరుకులో మధ్యాహ్నమైనా ఆరవు. మందు కొట్టే అవసరాన్ని ముందే తగ్గించేది ఈ ఎడమే.

రెండో కారణం వెలుతురు. టీ గులాబీ పాత కొమ్మల మీద సన్నని రెమ్మలు వేసి, ఆ రెమ్మల చివర పూస్తుంది. పక్క మొక్క నీడ పడిన వైపు రెమ్మలు ఎండిపోతాయి. అప్పుడు పువ్వులన్నీ అందనంత పైనే! మూడోది మన చెయ్యి. పొద చుట్టూ తిరిగి ఎండిన పువ్వు తుంచాలి, ఆకు కింద పురుగు చూడాలి, రాలిన ఆకు ఊడవాలి. దారి లేకపోతే ఆ పనులన్నీ "రేపు చూద్దాంలే" అవుతాయి. చీరకొంగు ముల్లుకి పట్టుకున్న చోటికి మళ్లీ ఎవరు వెళతారు చెప్పండి!

గోడ పొడుగు కొలవండి

ఉదాహరణకి మీ ప్రహరీగోడ వెంట 24 అడుగుల పొడుగు మడి ఉందనుకుందాం. హైబ్రిడ్ టీలైతే తొమ్మిది పడతాయి. పెద్ద రకం టీ గులాబీలైతే నాలుగే. గోడ మూల నుంచి మొదటిది మూడు అడుగుల దగ్గర, తర్వాతవి తొమ్మిది, పదిహేను, ఇరవై ఒకటి అడుగుల దగ్గర ముగ్గు చుక్కలు పెట్టుకోండి. గోడకి కూడా రెండున్నర, మూడు అడుగుల ఎడం ఉండాలి. ఎండాకాలం పడమటెండకి కాలిన గోడ రాత్రి దాకా సెగ కక్కుతూనే ఉంటుంది. ఆ సెగకి మొగ్గలు మాడిపోతాయి. నడిచే దారికి మరో మూడు అడుగులు.

తూర్పు ఎండ బాగా తగిలి, వేసవి మధ్యాహ్నాల్లో కాస్త నీడ పడే చోటు దొరికితే అంతకన్నా అదృష్టం లేదు. రోజుకి ఆరు గంటల ఎండ ఉండాలి. కొబ్బరి, మామిడి వేళ్ల దగ్గర నాటితే మీరు పోసే నీళ్లు చెట్టుకే చాలవు. సెప్టిక్ ట్యాంకు పక్కనా, బట్టలారేసే తీగ కిందా కూడా వద్దు. పువ్వు తల వంచుకుంటుంది కాబట్టి మడిని ముప్పావు అడుగు ఎత్తుగా కట్టుకుంటే వీధరుగు మీద కూర్చున్నవాళ్లకి పువ్వు ముఖం కనిపిస్తుంది.

అంత చోటు లేదా? అప్పుడు ఒక్క మొక్కే నాటండి. ఇరుకున పెట్టిన నాలుగు మొక్కలకన్నా విశాలంగా పెరిగిన ఒక్క పొద ఎక్కువ పువ్వులిస్తుంది.

ఖాళీ చూసి బెంగ వద్దు

ఆరడుగులకొకటి బెత్తెడు మొక్క నాటాక మడి బోసిగా కనిపిస్తుంది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ "ఇక్కడింకో మొక్క వెయ్యరాదూ?" అని సలహా ఇస్తారు. వినకండి. మొదటి రెండేళ్లు ఆ జాగాలో కొత్తిమీర, మెంతికూర, పాలకూర చల్లుకోండి. బంతి వేస్తే మరీ మంచిది. బంతి వేళ్ల వల్ల నేలలో వేరుముడి కలిగించే నులిపురుగులు తగ్గుతాయి. గులాబీ మొదలు చుట్టూ అడుగున్నర మేర మాత్రం ఏమీ వెయ్యకుండా ఎండుటాకులో, వరిగడ్డో, కొబ్బరిపీచో పరవండి. మూడో ఏడు వచ్చేసరికి గులాబీ తన చోటు తాను తీసుకుంటుంది.

గుంట, ఎరువు, నీరు

రెండడుగుల పొడుగు, వెడల్పు, లోతున గుంట తీసి ఓ వారం ఎండనివ్వండి. తవ్విన మట్టిలో రెండు తట్టల మాగిన పశువుల ఎరువు, అరకిలో వేపపిండి, రెండు గుప్పిళ్ల ఎముకల పొడి కలిపి గుంట నింపి, నీళ్లు పోసి పది రోజులు దిగనివ్వండి. నల్లరేగడి నేలైతే ఇసుక కూడా కలపాలి. నీరు నిలిస్తే గులాబీ వేళ్లు కుళ్లిపోతాయి. నాటడానికి వానలు తగ్గిన దగ్గర్నుంచి సంక్రాంతి దాకా మంచి కాలం. అంటుమొక్క అయితే అంటు ముడి మట్టికి రెండంగుళాల పైన ఉండాలి.

వేసవిలో రెండు రోజులకోసారి, చలికాలంలో వారానికోసారీ రెండుసార్లూ, మొక్కకో బకెట్ చొప్పున మొదట్లో నింపాదిగా పొయ్యండి. రోజూ చెంబెడు చిలకరించడం వల్ల వేళ్లు పైపైనే తిరుగుతాయి. నీళ్లు ఉదయం పూటే పొయ్యాలి, ఆకుల మీద కాదు.

కత్తెర కాస్త దాచండి

అక్టోబరు రాగానే గులాబీలన్నిటినీ మోకాలెత్తుకి నరికే అలవాటు మనకుంది. హైబ్రిడ్ టీ దాన్ని ఓర్చుకుంటుంది. టీ గులాబీ ఓర్చుకోదు. దాని బలమంతా పాత కొమ్మల్లో ఉంటుంది. మొదలంటా కోస్తే కోలుకోవడానికి ఏడాది పడుతుంది, ఒక్కోసారి కోలుకోదు కూడా. ఎండిన కొమ్మలు, తెగులు పట్టినవి, ఒకదానికొకటి ఒరుసుకునేవి తీసెయ్యండి. రాలిన పువ్వుల తొడిమలు తుంచండి. పొద మరీ పెరిగితే నాలుగో వంతు తగ్గించండి, అంతే. తెలంగాణ వైపు అక్టోబరులోనే చెయ్యొచ్చు. కోస్తాలో తుపాను వానలు వెనకపట్టాక చెయ్యడం క్షేమం. ఈ మొక్కకి కత్తెర పడదు కనుకే ముందే ఎడం వదలాలి. చోటు చాలలేదని తర్వాత నరుక్కునే వీలు లేదు.

చిగుళ్ల మీద పేనుబంక కనిపిస్తే నీటిధారతో కడిగెయ్యండి. ఎండాకాలం ఆకు అడుగున ఎర్రనల్లి చేరితే రెండు మూడు రోజులకోసారి ఉదయం వేళ ఆకుల కింద భాగం తడపండి. కొమ్మలకి తెల్లటి పొలుసు పురుగు పడితే పాత టూత్ బ్రష్షూ సబ్బునీళ్లూ చాలు. అప్పటికీ లొంగకపోతే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు కలిపి సాయంత్రం పూట చల్లండి. మచ్చపడి రాలిన ఆకుల్ని ఏరి పారెయ్యాలి, ఎరువు గుంటలో వెయ్యకూడదు.

మేడ మీద పెంచేవాళ్లు ఇరవై అంగుళాల తొట్టిలో ఒక్క మొక్కే పెట్టండి. తొట్టికీ తొట్టికీ మూడడుగుల ఎడం ఉంచండి. కుండీలో టీ గులాబీ పూర్తి ఆకారానికి రాదు కానీ పువ్వు మాత్రం పూస్తుంది.

కూల్చబోయే ఇంటి గులాబీ

ఇంతకీ ఈ మొక్కలు దొరికేదెక్కడ? కడియం, కడియపులంక నర్సరీల్లో గులాబీలకి కరువు లేదు కానీ, పాతకాలపు టీ గులాబీని పేరు పెట్టి అడిగితే దొరకడం కష్టం. పాత గులాబీలు పెంచేవాళ్ల దగ్గరా, కొండ ఊళ్లలోని పాత బంగళాల తోటల్లోనూ వెతకాలి. మన ఊళ్లలో పాత పెంకుటిళ్ల పెరళ్లలో కూడా పేరు తెలియని గులాబీలు ఉంటాయి. చిగురు ఎర్రగా, పువ్వు వంగి ఉంటే టీ గులాబీ అయ్యే వీలుంది. నిండు రేకులతో, ఘాటైన వాసనతో గులాబీ రంగులో పూసేది ఎడ్వర్డ్ గులాబీ కావచ్చు. "మా గులాబీ రంగు మారిపోయింది" అని కొందరు ఆశ్చర్యపోతుంటారు. అంటు కట్టిన కొమ్మ చచ్చిపోయి, కింది మొక్క పైకి వచ్చిందన్న మాట. అలా మిగిలేది చాలాచోట్ల ఎడ్వర్డ్ గులాబీయే. అదీ తక్కువదేం కాదు. రైతులు పూలకోసం పెంచే ఎడ్వర్డ్, ఆంధ్రా రెడ్ గులాబీలకి వరసల మధ్య 2 మీటర్లు, మొక్కల మధ్య 1 మీటరు వదలమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. పెరట్లోనైనా దానికి ఆ మాత్రం గౌరవం ఇవ్వాలి.

ఈ పాత పెరళ్లే ఇప్పుడు ఒక్కొక్కటీ పోతున్నాయి. "ఇల్లు అపార్ట్‌మెంటుకి ఇచ్చేశామండీ" అన్న మాట ఏ వీధిలో వినడం లేదు? తలుపులు, దూలాలు, పెంకులు దేనికదే లెక్కకట్టి అమ్ముకుంటారు. గులాబీ పొద మాత్రం లెక్కలోకి రాదు. పొక్లెయిన్ వచ్చిన రోజున మట్టితో పాటే పోతుంది. పేరే తెలియని మొక్కని మళ్లీ ఏ నర్సరీలో అడుగుతాం?

అట్లాంటిక్‌లో బెర్ముడా అని చిన్న దీవి ఉంది. అక్కడ 1954లో గులాబీ సంఘం పెట్టుకుని, పాత ఇళ్లలో, చర్చి ఆవరణల్లో దొరికిన పేరు తెలియని గులాబీలకి కొమ్మలు కత్తిరించి బతికించుకున్నారు. దొరికిన చోటి పేరో, ఇంటివాళ్ల పేరో పెట్టుకున్నారు. వాటిలో 'స్పైస్' అనేది 1809 నాటి హ్యూమ్స్ బ్లషే కావచ్చని నమ్మేవాళ్లున్నారు. అసలు హ్యూమ్స్ బ్లష్ యూరప్‌లో ఎప్పుడో కనుమరుగైంది!

అదే పని మనమూ చెయ్యొచ్చు. దానికి కావలసింది ఒక కత్తెర, కాస్త ఇసుక. పువ్వు రాలిపోయిన, పెన్సిలంత లావు కొమ్మని జానెడు పొడుగున, నాలుగు కణుపులు ఉండేలా కత్తిరించండి. కింది కోత కణుపు కిందుగా ఏటవాలుగా ఉండాలి. పైన రెండాకులు ఉంచి మిగతావి తీసెయ్యండి. ఇసుక, మట్టి సమంగా కలిపిన సంచిలో రెండు కణుపులు మునిగేలా గుచ్చి, అడుగు కోసేసిన నీళ్ల సీసా పైన బోర్లించి, నీడలో పెట్టండి. తడి ఆరకూడదు, చిత్తడి కాకూడదు. నెలా రెండు నెలల్లో వేళ్లు పోసుకుంటుంది. అన్నీ బతకవు కనుక పది కొమ్మలైనా పెట్టండి. ఆషాఢ, శ్రావణ మాసాలూ, వానలు తగ్గిన తర్వాత చలికాలమూ ఇందుకు అనువు. టీ గులాబీ సొంత వేళ్ల మీదే బాగా పెరుగుతుంది, అంటు అక్కర్లేదు. నాలుగైదు నెలలయ్యాక నేలలో నాటొచ్చు.

మీ పుట్టింట్లోనో, అత్తగారింట్లోనో, వీధి చివర మూతపడ్డ పెంకుటింట్లోనో అలాంటి పొద ఉంటే ఆ ఇంటివాళ్లని అడిగి ఈ వానాకాలమే కొమ్మలు తెచ్చుకోండి. బతికినవాటిని మీ దగ్గరే దాచుకోకుండా మూడిళ్లలో నాటించండి. ఒకచోట పోయినా ఇంకోచోట ఉంటుంది. సంచికి చిన్న రేకు కట్టి ఏ ఇంటిదో, ఏ సంవత్సరం తెచ్చారో రాయండి. ఆ మొక్కని మొదట నాటి పెంచిన ఆవిడ పేరు తెలిస్తే, ఫలానావారి భార్య అని కాకుండా, ఆవిడ సొంత పేరే రాయండి.